ఒక పడుగుకు ఎన్ని చేతులు

నేను మిలిటరీలో గుండె ఆపరేషన్లు చేసే డాక్టరుని. ఇరవై రెండేళ్ళ సర్వీసు, భుజం మీద కల్నల్ హోదా, నా చేతి కింద ఆగి మళ్ళీ కొట్టుకున్న గుండెలు రెండు వేలకు తక్కువ ఉండవు. ఈ మాట పూణేలో చెబితే కుర్చీ చూపించి కూర్చోమంటారు. ధర్మవరంలో చెబితే "అది సరేలేప్పా, క్యాంటీన్ సీసా ఒగటన్నా తెచ్చినావా?" అంటారు. మా వీధిలో సగం మంది లెక్కలో నేను సిపాయిలకు సూది వేసేవాణ్ణి. మిగతా సగం మంది లెక్కలో పీరాసాబ్ దగ్గర పడుగు అతకడం సగం నేర్చుకుని పారిపోయినవాణ్ణి. రెండోదాంట్లో కొంత నిజం ఉంది కాబట్టే నాకు అది ఎక్కువ మండుతుంది.

పడుగు అతకడమంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేసేశాక కొత్త పడుగు పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా కలపాలి. పట్టుచీరకైతే నాలుగువేల ఎనిమిదివందల పోగులు. ముడి వేయకూడదు. వేళ్ళకు బూడిద అద్దుకుని రెండు కొసల్నీ కలిపి ఒక మెలిక తిప్పి వదిలేయాలి. వదులైతే ఊడిపోతుంది, బిగువైతే తెగిపోతుంది. మా వీధిలో మగ్గాలన్నింటికీ ఆ పని చేసేది పీరాసాబ్. నేను మామా అంటాను, ఆయన నన్ను రంగా అంటాడు. నా పూర్తి పేరు శ్రీరంగప్ప అని ఆయనకు తెలుసో లేదో నాకిప్పటికీ అనుమానమే. తొమ్మిదో ఏట నుంచి పన్నెండో ఏటిదాకా బడి లేనప్పుడల్లా ఆయన ఎదురుగా కూర్చుని పనికిరాని పోగుల కట్టల మీద అతకడం నేర్చుకున్నాను. తప్పు మెలిక పడితే చెవి మీద వేలితో టప్పుమని కొట్టేవాడు. మాటలతో తిట్టడం ఆయనకు రాదు, చెవి ఉండగా అవసరమూ పడలేదు.

పూణేలో మిలిటరీ వైద్యం చదువుకునేటప్పుడు మొదటిసారి మేక గుండె మీద కుట్లు వేయించారు. నా చేయి నాకు తెలియకుండానే బల్ల మీద బూడిద కోసం వెతికింది. మా ప్రొఫెసరు బ్రిగేడియరు, పలకరిస్తే కరిచే రకం. నా వెనక నిలబడి చాలాసేపు చూసి, "నీకిది ఎవరు నేర్పారు?" అన్నాడు.

"పీరాసాబ్, సర్."

"ఏ మెడికల్ కాలేజీలో ఉన్నాడాయన?"

"ధర్మవరంలో, సర్" అన్నాను. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు.

చేయి మంచిదని చెప్పి మిలిటరీ వాళ్ళేమీ గుండెను తెచ్చి చేతిలో పెట్టరు. చదువు కాగానే నన్ను మంచుకొండల మీదికి తోలారు. రెండేళ్ళు అక్కడ మంచుకు చచ్చుబడిన కాలివేళ్ళు చూశాను, ఒకసారి కంచరగాడిద పన్ను కూడా పీకాను. ఆ తర్వాత మామూలు సర్జరీ, దాని తర్వాత గుండె సర్జరీ. అందులోనూ మొదటి పదకొండు నెలలు వేరేవాళ్ళ కాళ్ళలోంచి నరాలు తీసి పెద్ద డాక్టరుకు అందించడమే నా పని. కాలేజీలో చేరిన రోజు నుంచి ఒక గుండె మీద సొంతంగా ఒక కుట్టు వేయడానికి పదహారేళ్ళు పట్టింది. ఈలోగా మా అమ్మ సుబ్బలక్ష్మమ్మ వీధిలో అడిగినవాళ్ళందరికీ "ఇంగా చదవతానే ఉండాడు, ఎన్నిసార్లు ఫెయిలైనాడో ఏమో" అని చెప్పుకుంది.

పోయిన మార్చిలో ఆమే ఫోన్ చేసింది. పీరామామకు ఎదలో నొప్పి వచ్చిందని, అనంతపురంలో పరీక్ష చేస్తే మూడు నరాలు పూడుకుపోయినాయన్నారని, ఆపరేషన్ అంటే లేచి వచ్చేసి మళ్ళీ మగ్గాల ఇండ్ల వెంట తిరుగుతున్నాడని. రిపోర్టు తెప్పించుకుని చూశాను. ఎడమవైపు పెద్ద నరం మొదట్లోనే నూటికి తొంభై మూసుకుపోయి ఉంది. అలాంటి మనిషి ఏ మెట్టు ఎక్కుతూ పడిపోతాడో చెప్పలేం. పది రోజులు సెలవు పెట్టి ఆరోజే రైలెక్కాను.

నేను పోయేసరికి పీరామామ మా వీధిలోనే నేతపని చేసే వీరప్ప ఇంట్లో మగ్గం ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని పడుగు అతుకుతున్నాడు. నన్ను చూసి తల కూడా ఎత్తలేదు.

"రారా రంగా. నన్ను కోసేకి వచ్చినావంటనే?"

"మామా, అది చిన్న రోగం కాదు. నరాలు పూడుకుపోయినాయి. కాల్లోంచి నరం తీసి, పూడుకున్న చోటు దాటించి అతకాల."

ఆయన చేయి ఆగింది. "అతకాల్నా?" అన్నాడు. ఇన్నేళ్ళలో నా పని గురించి ఆయన ఆసక్తిగా అడిగిన మొదటి ప్రశ్న అది. "అయితే నువ్వే అతుకు. పండుకుంటా. పోదాం పా."

అక్కడే వచ్చింది చిక్కు. మా ఆసుపత్రి సిపాయిలకూ వాళ్ళ కుటుంబాలకూ. పీరామామకు అక్కడ మంచం లేదు. నేను సర్వీసులో ఉండగా బయటి ఆసుపత్రిలో కత్తి పట్టకూడదు. ఆ రూలు ఆయనకు గట్టిగా చెప్పాను. కొంచెం ఎక్కువ గట్టిగానే చెప్పాను. అనంతపురంలో డాక్టర్ జోయల్ ఉన్నాడని, నా కింద నాలుగేళ్ళు పనిచేసి మిలిటరీ వదిలి వచ్చినవాడని, చేయి బంగారమని చెప్పాను. మామ వినలేదు. సాయంత్రానికి మాట వీధంతా పాకింది. నాకు ఆపరేషన్ రాదంట, అందుకే ఇంకొకని మీదికి తోసేస్తున్నానంట. టీ అంగడి బసప్ప నన్ను పక్కకు పిలిచి, "నాకు చెప్పప్పా, ఎవురికీ చెప్పను. ఆడ నీది ఉత్త సూదుల పనే గదా?" అన్నాడు. కల్నల్ అన్నవాడు టీ గ్లాసు విసిరితే బాగుండదని ఊరుకున్నాను.

మరుసటి రోజు పొద్దున మామ ఇంటికి పోయి ధైర్యం చెబుదామని కూర్చున్నాను. ఆయన భార్య గౌస్‌బీ అత్త రాగిసంకటి కెలుకుతూ వింటోంది. నేను చేసిన తప్పు అక్కడే.

"ఏం భయం ల్యా మామా. అది ఒగని పని కాదు. ఎదను ఒగాయన తెరుస్తాడు, కాల్లో నరం ఇంగొగాయన తీస్తాడు, జోయల్ అతుకుతాడు, మళ్ళీ మూసేది వేరే ఆయన. పది పన్నెండు మంది ఉంటారు నీ సుట్టూ."

రోగులకు ఈ మాట చెబితే మొహాలు వికసిస్తాయి. పీరామామ మొహం బిగుసుకుపోయింది.

"ఒగ పడుగుకు పన్నెండు చేతులా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా ఊళ్ళో ఒక చేయి మొదలుపెట్టిన పడుగును ఇంకో చేయి ముగించదు. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్ళి అయినా పడుగు అలాగే ఆగుతుంది. ఒక్కొక్క చేతి మెలిక ఒక్కొక్క బిగువు. రెండు చేతులు పడితే చీర మీద గీత తేలుతుందని, చీరలు కొనే షావుకారు దాన్ని మొహాన కొడతాడని నమ్మకం. పీరామామ ఈ మాట నాకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. వేలితో నా ఎడమ చెవికి కూడా చెప్పి ఉంటాడు.

"నేను పండుకోను" అన్నాడు. "గీత పడిన గుండె నాకెందుకప్పా?"

రెండు రోజులు బతిమాలాను. అరిచాను. మూడోరోజు మిలిటరీ గొంతుతో "లేచి నిలబడు మామా!" అని కూడా అన్నాను. ఆయన పడుకుని అటు తిరిగాడు. చివరికి గౌస్‌బీ అత్త సంకటి గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏదో ఒకటి తేల్చమనేసరికి ఒక మెట్టు దిగాడు. "సరే. పన్నెండు చేతుల మాట తర్వాత. అతికే చేయి ఎట్లుండాదో నేను చూడల్ల. నా కండ్ల ముందర అతకల్ల. నచ్చితే ఆలోచన చేస్తా."

నాలుగో రోజు ముగ్గురం కారులో అనంతపురం బయలుదేరాం. బత్తలపల్లెలో మరమరాల ఉగ్గాని, బజ్జి తింటేగానీ అనంతపురంలో కారు దిగనన్నాడు మామ. గుండెలో మూడు నరాలు పూడుకున్న మనిషికి మిరపకాయ బజ్జీ ఎలా పెట్టనని నేను గొడవ పడుతుండగా అత్త నాలుగు ప్లేట్లు చెప్పేసింది. నాలుగోది ఎవరికని అడిగితే, "నువ్వు ఒగటితో ఆగతావా?" అంది. ఆగలేదు.

జోయల్ నన్ను చూసి అలవాటుగా లేచి నిలబడ్డాడు. పీరామామ అతనికి నమస్కారం పెట్టకుండా చొక్కా జేబులోంచి రెండు ఎర్ర పట్టుపోగుల కట్టలూ చిన్న బూడిద డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు.

"అతుకప్పా."

నేను విషయం చెప్పాను. జోయల్ గుత్తి మనిషి, సరదా మనిషి. నవ్వి, ఒక్క చేత్తో టకటకా మూడు ముడులు వేశాడు. నేను నేర్పిన ముడే అది. చూడముచ్చటగా వేశాడు, నాకు గర్వమేసింది. పీరామామ గోరుతో పోగు పొడవునా తడిమాడు. ముడి దగ్గర గోరు ఆగింది.

"ముడి!" అన్నాడు. ఎవరైనా అన్నంలో రాయి పడితే అలా అంటారు. "డాక్టరప్పా, ముడి గోతాముకు ఏస్తారు."

"గుండెకు ముడి కావల్ల పెద్దాయనా" అన్నాడు జోయల్.

"నీకు అతికేది రాదు కాబట్టి కావల్ల."

జోయల్ ఉక్రోషంతో బూడిద అద్దుకుని మెలిక తిప్పాడు. మామ కొస పట్టుకుని లాగకముందే ఊడిపోయింది. మామ డబ్బీ మూసి లేచాడు. నాకు ఒళ్ళు మండింది. నేను చేసి చూపిస్తానని అదే గదిలో నేల మీద కూర్చున్నాను. బూటు, సాక్సు విప్పి కాలి బొటనవేలికి పోగులు తగిలించుకున్నాను. తలుపు తీసి చూసిన నర్సు మళ్ళీ మూసేసింది. చెమటలు కక్కుతూ పది అతుకులు వేశాను. ముప్పై ఏళ్ళు దాటింది బూడిద ముట్టి. మామ ఒక్కొక్కటే లాగి చూశాడు. ఏడు నిలిచాయి, మూడు ఊడాయి.

"పదేండ్లప్పుడు పదికి పది ఏస్తాంటివి" అన్నాడు. కోపంగా కాదు, దిగులుగా. "మిలిటరీవాండ్లు చెడగొట్టినారప్పా నిన్ను."

జోయల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నాలుగేళ్ళు నా చేత తిట్లు తిన్నాడు కదా, ఆ పండగ చేసుకోనీ అని వదిలేశాను. కానీ నాకు నవ్వు రాలేదు. మామ నిజంగానే ఇంటికి పోతాడు, ఏదో ఒక మగ్గం గుంట దిగుతూ పడిపోతాడు, నాకు మళ్ళీ అమ్మ ఫోన్ చేస్తుంది. అది నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

మామ తలుపు దాకా పోయాడు. అంతవరకూ మూలన కుర్చీలో కూర్చుని ఉన్న గౌస్‌బీ అత్త లేవకుండానే, "ఇట్ల రా, కూసో" అంది. ఆ గొంతులో ఏముందో, మామ వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"పోయిన నెల వీరప్ప పడుగు అతికినావు. ఎట్లుండె చీర?"

"అద్దం మాదిరి ఉండె. షావుకారు నా పేరడిగి మరీ మెచ్చుకున్న్యాడు."

"దాంట్లో ఆర్నూరు పోగులు నేను అతికినా."

మామకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"మూడేండ్లాయె నీ కండ్లు మబ్బుపట్టి. ఎడంపక్క పోగులు నీకు కనపడవు. వదులుగా మెలేసి పోతాండావు. నువ్వు మధ్యాన్నం నమాజుకు పోతావే, అప్పుడు నేను పోయి ఊడేటివన్నీ మళ్ళా అతికి వస్తాండా. మూడేండ్ల నుంచీ ఏ పడుగూ నీ ఒగని చేత ముగిసింది ల్యా."

"అబద్ధం" అన్నాడు మామ.

"వీరప్పను అడుగు. బసప్ప వదినను అడుగు. రంగని అమ్మను అడుగు. వీధిలో ఎవురికి తెల్దు, నీకు తప్ప?"

మామ నావైపు చూశాడు. నాకు తెలియదని తల ఊపాను. మా అమ్మకు తెలుసంటే మాత్రం నాకు ఆశ్చర్యం కలగలేదు. నేను ఫెయిలవుతున్నానని ఊరంతా చాటిన మనిషి, మూడేళ్ళు ఈ మాట మాత్రం కడుపులో దాచుకుంది.

"పని ముగిసినాక పడుగంతా గోరుతో తడమతావు గదా నువ్వు" అంది అత్త. "ఈ మూడేండ్లల్లో యాడన్నా ఆగిందా నీ గోరు? ఒగ చీర మీదన్నా గీత పడిందా? చెప్పు."

ఆమెకు అలా చెప్పాలని లేదు. ఆ మాట బయటపెట్టకుండా ఆయన బతుకు దాటించేద్దామనే అనుకుంది పాపం. చెప్పాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పీరామామ తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. నలభై ఐదేళ్ళు ఊరంతా పొగిడిన చేతులు. ఆయనను అలా చూడటం నాకు చాలా కష్టమనిపించింది. చెవి మీద కొట్టినా బాగుండేదనిపించింది.

"వీరప్ప పడుగులో కూడానా?" అన్నాడు.

"ఆర్నూరు" అంది అత్త.

"బాగుండె అది" అన్నాడు. తర్వాత జోయల్ వైపు తిరిగి, "డాక్టరప్పా, యాడ పండుకోవల్ల?" అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆపరేషన్. జోయల్ నన్ను లోపలికి వచ్చి చూడమన్నాడు. చూడటానికి ఏ రూలూ అడ్డు రాదు. వద్దన్నాను. అప్పుడు ఒప్పుకున్నాను నాలో నేను: పూణే రూలు లేకపోయినా నేను కత్తి పట్టేవాణ్ణి కాదు. రెండు వేల గుండెలు చూసినవాణ్ణి ఈ ఒక్కదానికి భయపడ్డాను, ఆ భయాన్ని రూలు వెనక దాచి వీధంతటికీ వినిపించేలా అరిచాను. బయట ప్లాస్టిక్ కుర్చీలో గౌస్‌బీ అత్త పక్కన ఐదు గంటలు కూర్చున్నాను. ఏ నిమిషానికి లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఇప్పుడు గుండె ఆపుతారు. ఇప్పుడు మొదటి అతుకు. తెలియనివాళ్ళకు ఉన్నంత అదృష్టం కూడా నాకు లేకపోయింది. మూడో గంటలో ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. అత్త తస్బీ పూసలు తిప్పుతూ జపం చేస్తూనే రెండో చేత్తో నా వీపు మీద తట్టింది. ఆ వరండాలో వెళ్ళే జనానికి, ముసలమ్మకు కొడుకు ధైర్యం చెప్పాల్సింది పోయి ఇదేం చోద్యమనిపించి ఉంటుంది.

జోయల్ బయటికి వచ్చి బాగా జరిగిందన్నాడు. మూడు అతుకుల్లో చివరిది తన దగ్గర నేర్చుకుంటున్న చౌడేశ్వరి అనే అమ్మాయి వేసిందని, తాను పక్కనే ఉన్నానని చెప్పాడు. మామూలుగా అయితే నేను ఎగిరేవాణ్ణి. ఎగరలేదు. నా మొదటి అతుకూ ఎవరో ఒక సుబేదారు గుండె మీదే వేశాను కదా. ఆయన ఇంటికి పోయేటప్పుడు పెద్ద డాక్టరు కాళ్ళకు దండం పెట్టి, నన్ను ఆటో పిలవమన్నాడు.

మరునాడు గొంతులో గొట్టం తీశాక మామను చూడటానికి పోయాను. ఎద మీద కట్టు, ఒంటి నిండా తీగలు. కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"ఎన్ని చేతులు పడినాయి?" గొంతు బొంగురుగా వచ్చింది.

"పదకొండు మంది మామా."

"నీ చేయి ఎన్నోది?"

"నాది ల్యా." అబద్ధం చెప్పొచ్చు. సంతోషపడేవాడేమో. చెప్పలేకపోయాను. "నేను లోపలికే రాల్యా మామా. బయట కూసుని ఏడ్చినా."

నర్సులు వింటున్నారు. విననీ. మామ కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నొప్పికేమో అనుకున్నాను.

"మంచి పని చేసినావు" అన్నాడు. "కండ్లల్లో నీళ్ళు పెట్టుకోని లోపలికొస్తే పోగు యాడ కనపడుంటాది?"